హోల్డాన్ మామ

నిన్న పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్ తెరిస్తే, చనిపోయిన మనిషొకాయన నా అరచేతిలో నిలబడి ఒక సినిమాను తిడుతున్నాడు. ఎవడో పనిలేనివాడు ఆ తిట్లకు డప్పు మోత కలిపాడు. ఆయన చెయ్యి విసిరినప్పుడల్లా ఒక మేక అరుస్తోంది. కింద జనం పగలబడి నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు. ఆయన పోయాడని వాళ్ళకు తెలియదు. తెలిసినా మేకను తీసేయరు.

చిత్తూరులో సినిమాలు చూసేవాళ్ళలో ఆయన్ను ఎరగనివాళ్ళు లేరు. పేరు పెట్టి పిలిచినవాళ్ళూ లేరు. ఊరందరికీ ఆయన హోల్డాన్ మామ. పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. రాస్తే మా ఊరివాళ్ళే ‘ఎవరబ్బా ఈయన’ అనుకుంటారు.

ఆయన బస్సు కండక్టరు. చిత్తూరు నుంచి వేలూరు పోయే బస్సులో బతుకంతా నిలబడ్డాడు. రిటైరయ్యాక కూడా ఆ నిలబడడం పోలేదు. టీ కొట్లో బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. రేకుల కప్పు కింది ఇనుప కమ్మీని ఒక చేత్తో పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకుని తాగేవాడు. కొట్టు ఎక్కడ మలుపు తిరుగుతుందోనని భయం కాబోలు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్ను ఉండేది. దాంతో ఆయన ఏదైనా రాయగా మేం చూడలేదు.

సినిమా ఎట్లుంది అని అడిగితే ఆయన దగ్గర రెండే మాటలు. బాగుంటే ‘రైట్ రైట్’. బాగలేకపోతే ‘హోల్డాన్’. బస్సు పోవాలా, నిలవాలా, అంతే. ‘పర్వాలేదు’, ‘ఒకసారి చూడొచ్చు’ లాంటి మాటలంటే ఆయనకు ఒళ్ళు మంట. ‘అర టికెట్టు పిల్లోళ్ళకి కొడతారప్పా, సినిమాకి గాదు’ అనేవాడు.

ఆ టీ కొట్టు మా ఊరి బస్టాండు దగ్గర ఒక పాత థియేటరు సైకిల్ స్టాండును ఆనుకుని ఉంటుంది. సాయంత్రం పూట అక్కడ చేరే నలుగురిలో నేనొకణ్ణి. కోర్టు దగ్గర నాకు జిరాక్సు షాపుంది. ఇంకొకడు కోర్టులో టైపిస్టు. మూడో ఆయన మామిడికాయల మండీ నడిపే అన్న. నాలుగో ఆయన మామ. మేం నలుగురం ఏమనుకుంటామోనని సినిమా తీసేవాళ్ళు హైదరాబాదులో నిద్రపోకుండా ఉంటారని మా నమ్మకం. టైపిస్టు సినిమా చూడడు, వసూళ్ళు చూస్తాడు. ఏ సినిమాకు ఏ రాష్ట్రంలో నష్టమొచ్చిందో తన సొంత పొలం అమ్ముకున్నట్టు బాధపడుతూ చెప్తాడు. మండీ అన్నకు హాల్లో చల్లగా ఉంటే సినిమా బాగున్నట్టు, చెమట పోస్తే డైరెక్టరుకు పని రానట్టు. ఇక నేను ‘స్క్రీన్‌ప్లే’ అనే మాట నేర్చుకున్నాను. దానికి అర్థమేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి హాయిగా వాడుకుంటూ వస్తున్నాను.

మా ముగ్గురి మీదా మామకు ఒక పైచెయ్యి ఉండేది. అరవ హీరో సినిమా ఏదైనా సరే, అది తెలుగులోకి మారి మా ఊరికి వచ్చేసరికి ఆయన వేలూరులో చూసేసి ఉంటాడు. ఫలానా మాట భలే పెట్టాడు అని మేమంటే పెదవి విరిచేవాడు. ‘అది అరవంలో సూడాలప్పా. డబ్బింగులో ఏముండాది, గిన్నెలు కడిగిన నీళ్ళు.’ సరిహద్దు ఊళ్ళో పుట్టిన మాకు ఇంతకంటే అవమానం లేదు. అరవం మాకూ వచ్చు. కాకపోతే మాకు వచ్చింది కూరగాయలు బేరమాడేంత, ఆయనకు వచ్చింది ఏడ్చేంత.

ఇంత గొప్పగా మాట్లాడే ఆ మనిషి ఏ సినిమానూ పూర్తిగా చూడలేదు. అదీ అసలు సంగతి.

మధ్యాహ్నం ట్రిప్పు వేలూరు చేరాక బస్సు అక్కడ గంటకు పైగా నిలిచేది. డ్రైవరు అన్నం తిని సీటు మీదే కునుకు తీసేవాడు. మామ అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని బస్టాండు వెనకున్న థియేటర్లోకి దూరేవాడు. చీకట్లో తింటూ చూసేవాడు. మ్యాటినీలో ఇంటర్వెల్ గంట కొట్టే వేళకు బస్సు బయల్దేరే వేళ అయ్యేది. హీరో కొండ అంచున వేలాడుతున్నా సరే, డబ్బా మూత పెట్టుకుని లేచి వచ్చేసేవాడు. ఏండ్ల తరబడి అట్లా ఆయన చూసినవన్నీ సగం సినిమాలే.

వేలూరులో చదువుకునే రోజుల్లో నేను ఆ బస్సులోనే ఇంటికి వచ్చేవాణ్ణి కాబట్టి ఇదంతా కళ్ళారా చూసి చెప్తున్నాను. టికెట్లు కొట్టడం అయిపోగానే ఆయన కమ్మీ పట్టుకుని మా వైపు తిరిగి కథ మొదలుపెట్టేవాడు. సరిహద్దు చెక్‌పోస్టు వచ్చేసరికి ఇంటర్వెల్ వరకూ అయిపోయేది. ఊరు ఇంకా దూరం ఉంది. జనం ఊరుకుంటారా, ఆమైన ఏమైంది, తర్వాత ఏమైంది అని అడిగేవాళ్ళు. మామ ఏమాత్రం తడుముకోకుండా రెండో సగం తనే నడిపేవాడు. ఒకసారి ఆయన చెప్పిన కథలో హీరో తల్లి జబ్బు నయమై, కొడుకు పెళ్ళిలో కూర్చుని అక్షింతలు వేసింది. బస్సులో ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నేను ఆ సినిమాకు పోతే, ఇంటర్వెల్ కాగానే ఆమెకు పాడె కట్టేశారు. థియేటరువాణ్ణి టికెట్టు డబ్బు వాపసు అడగాలన్నంత కోపం వచ్చింది నాకు.

సెలవుల్లో ఆ బస్సు ముందు సీటులో మామ చెల్లెలి కొడుకు కూర్చుని వచ్చేవాడు. చెల్లెలి భర్త చిన్న వయసులోనే పోవడంతో తల్లీ కొడుకూ మామ ఇంట్లోనే ఉండేవాళ్ళు. మామకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. రెండో సగంలో ఎక్కడైనా దారి తోచకపోతే ఆయన ఆ పిల్లవాడి వైపు తిరిగి, ‘ఇప్పుడేం జేస్తాడ్రా వాడు’ అని అడిగేవాడు. పిల్లవాడు చెప్పేవాడు, బస్సంతా వినేది. పెద్దయ్యాక వాడు హైదరాబాదు పోయి సినిమాల్లో చేరాడు. ఆ పెంపకంలో వాడికి ఇంకో దారి ఏముంది పాపం.

రిటైరయ్యాక మామకు ఏ బస్సూ లేదు, కావలసినంత తీరిక. అయినా ఇంటర్వెల్ గంట కొడితే లేచి బయటికి వచ్చేసేవాడు. ఇప్పుడైనా కూర్చుని చూడొచ్చు కదా మామా అంటే, ఆ గంట వింటే కాళ్ళు ఆగవనేవాడు. పైగా రెండో సగంలో చేసేదల్లా మొదటి సగంలో వేసిన ముడులు విప్పడమేనని, ఆ పని తను టీ కొట్లో నిలబడే చేస్తానని అనేవాడు. చేసేవాడు కూడా. సినిమావాళ్ళ కంటే శుభ్రంగా విప్పేవాడు.

ఇట్లాంటి మనిషి తీర్పు ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇప్పటి సినిమాలు మొదటి సగమంతా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలాగా బుద్ధిగా కూర్చుంటాయి. అసలు గుణం రెండో సగంలో గానీ బయటపడదు. అందుకని ఆయన రైట్ రైట్ అన్నవన్నీ వారం తిరక్కముందే పోయేవి, హోల్డాన్ అన్నవి జనం తొక్కుకుంటూ వచ్చేలా ఆడేవి. మాకు ఈ సూత్రం చాలా రోజులు తట్టలేదు. తట్టేలా చేసింది మండీ అన్న అల్లుడు.

కొత్త అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చాడని మండీ అన్న సినిమాకు తీసుకుపోదామనుకున్నాడు. ఏది మంచిదని మామను అడిగాడు. కుటుంబమంతా కూర్చుని చూడదగ్గ సినిమా అని మామ ఒక దాని పేరు చెప్పి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని డబుల్ విజిల్ కూడా వేశాడు. అత్తామామలు, అల్లుడు, ఆడబిడ్డలు, అందరూ ఒక వరసలో కూర్చున్నారు. ఇంటర్వెల్ వరకూ పాటలు, పండగలు, పిండివంటలు. ఇంటర్వెల్ తర్వాత తెర మీది మామగారు ఆస్తి కోసం అల్లుణ్ణి చంపడానికి పూనుకున్నాడు. విషం పెట్టాడు, లారీతో గుద్దించాడు, చివరికి బావిలో తోశాడు. ఇంటికొచ్చాక అల్లుడు మండీ అన్న ఇచ్చిన పాలు తాగలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లో అతను ఏం తిన్నా భార్య ముందు తిన్నాకే తింటాడని వినికిడి.

ఆ రోజు నుంచి మండీ అన్న మామ మాటను తిరగేసుకోవడం మొదలుపెట్టాడు. చూసి మేమూ మొదలుపెట్టాం. మామ హోల్డాన్ అంటే పరిగెత్తి టికెట్లు కొనేవాళ్ళం, రైట్ రైట్ అంటే ఇంట్లో పడుకునేవాళ్ళం. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. ఆయన ముందు మాత్రం అవును మామా, నిజమే మామా అని తలలూపేవాళ్ళం. ఆయన వెనక్కి తిరగ్గానే టైపిస్టు కన్ను కొట్టేవాడు.

తర్వాత మైకులు వచ్చాయి. ఇప్పుడు కొత్త సినిమా పడిన రోజు గేటు దగ్గర సినిమాకొచ్చిన వాళ్ళ కంటే వాళ్ళను పట్టుకోవడానికి వచ్చిన వాళ్ళే ఎక్కువ. ఒక ఫోను, ఒక మైకు ఉంటే ఒక ఛానలు. ఎట్లుంది బ్రో, ఎట్లుంది బ్రో. ఒకడు చొక్కా చించుకుంటాడు. ఒకడు ఏడుస్తాడు. ఇంకొకడు తన హీరోను అనుమానించిన వాళ్ళ ఏడు తరాలనూ తిడతాడు, సినిమా సంగతి మాత్రం చెప్పడు. ఈ మేళానికి మామ దొరకడం ఎంత అదృష్టమో చూడండి. ఊరంతా హాల్లో ఉండగా ఇంటర్వెల్‌కే బయటికొచ్చే మనిషి ఆయనొక్కడే. అందరికంటే ముందు మా ఛానల్లోనే అని చెప్పుకోవడానికి ఆయన కోసం కాచుకుని ఉండేవాళ్ళు. ఆయన కూడా చొక్కా సర్దుకుని, చెయ్యి పైకెత్తి లేని కమ్మీ పట్టుకుని, వెనక మూగిన వాళ్ళను ‘లోపలికి జరగండి, లోపలికి జరగండి’ అని జరిపి, అప్పుడు తీర్పు చెప్పేవాడు.

మా తిరగేసే సూత్రం ఆ వీడియోల కిందికి కూడా ఎట్లాగో పాకింది. టైపిస్టు పుణ్యమే అయ్యుంటుంది. ‘మామ తిట్టినాడు, కండ్లు మూసుకొని బుక్ చేసుకోండి.’ ‘మామకు నచ్చిందంట, దుప్పటి కప్పుకొని పడుకోండి.’ ఊరు ఊరంతా ఆయన మాటను తలకిందులుగా చదవడం నేర్చుకుంది. మామ చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఆ వీడియోలూ చూడడు, వాటి కింది రాతలూ చదవడు. కాబట్టి ఆయనకేం తెలియదని మా ధీమా.

అట్లా ఉండగా మేనల్లుడు సినిమా తీశాడు.

అందులో పెద్ద హీరో లేడు, మంచు కొండల్లో పాటలు లేవు. సరిహద్దు పల్లెకు పోయే ఒక బస్సు, అందులో ఒక ముసలి కండక్టరు. జనం ఎక్కడం లేదని ఆ బస్సును ఆపేస్తారు. అంతే కథ. మిగతా ఊళ్ళలో శుక్రవారం పడి శనివారానికే సర్దుకుంటోందని టైపిస్టు కబురు తెచ్చాడు. మా థియేటరు మేనేజరు కూడా మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆదివారం ఆటలకు జనం వస్తే వారమంతా ఉంచుతాడు, రాకపోతే సోమవారం నుంచి ఒక అరవ డబ్బింగు వేస్తాడు. మేనల్లుడు మామకు ఫోన్ చేసి, సొంత ఊళ్ళో అయినా వారం ఆడితే ఇంకో సినిమా అడగడానికి మొహం ఉంటుందని, లేకపోతే మళ్ళీ ఎవరి దగ్గరో అసిస్టెంటుగా నిలబడాలని అన్నాడట. మామ ఈ మాట మాకు చెప్పలేదు. ఆయన చెల్లెలు మా ఆవిడ దగ్గర కంటతడి పెట్టుకుని చెప్పింది.

మేం ముగ్గురం శనివారం పొద్దుటాట చూశాం. సినిమా బాగుంది. స్క్రీన్‌ప్లే అనే మాట వాడాలని కూడా నాకు తోచలేదు. మండీ అన్న హాలు చల్లగా ఉందన్నాడు. మనుషులు లేకపోతే ఏ హాలైనా చల్లగానే ఉంటుంది. పేర్లు పడడం మొదలవగానే లేచి బయటికొచ్చాం, వస్తూనే మా గుండెల్లో రాయి పడింది. మామ ఇంకా చూడలేదు. ఇది తన చేతుల మీద పెరిగినవాడి సినిమా, ఎట్లా ఉన్నా మైకు ముందు రైట్ రైట్ అనేస్తాడు, డబుల్ విజిల్ వేస్తాడు. ఆయన విజిల్ వేశాడంటే ఊరు దుప్పటి కప్పుకుంటుంది. ఆదివారం హాల్లో ఈగలు కూడా ఉండవు. ఆ పిల్లవాడి పని ఆయన చేతనే అయిపోతుంది.

ఆయన్ను గేటు దగ్గరికి పోనివ్వకుండా ఆపడం ఎట్లాగని, ఇళ్ళకు పోయి అన్నాలు తిని వచ్చాక టీ కొట్లో తర్జనభర్జన పడ్డాం. ఎవరి పెళ్ళికైనా లాక్కుపోదామని టైపిస్టు అన్నాడు. మండీకి తీసుకుపోయి మామిడికాయలు ఏరిస్తానని మండీ అన్న అన్నాడు. చివరికి ఏం చేద్దామో తేలకుండానే ఆయన ఇంటికి పోయాం. ‘మాయన్న ఇస్త్రీ సొక్కా ఏసుకొని మ్యాటినీకి పోయినాడే’ అంది చెల్లెలు. మేం ఆదరాబాదరా థియేటరుకు వచ్చాం. జనం లేని ఆవరణ, ఆట వదిలారో ఇంకా నడుస్తోందో చూస్తే తెలియడం లేదు. మామ అప్పటికే మైకు ముందు నిలబడి ఉన్నాడు.

‘ఇదేం సినిమా అబ్బా,’ అంటున్నాడు. ‘ఇంటర్వెల్ కే లేచొచ్చేసినా. నా బతుకంతా బస్సులోనే పాయ. మళ్ళా టికెట్టు కొనుక్కొని బస్సు సూడాల్నా? కండక్టరు అనేవాడు యాడన్నా ఏడుస్తాడా? సిల్లర ఇచ్చేదానికే టైము సాలదు మాకు. ఇంగ ఆ ముసిలోడు, సక్రాలు లేని ఖాళీ బస్సెక్కి కూసోని విజిలు ఊదేది ఏంది? ఎవురికి ఊదతాడు? యాడికి పోతాది ఆ బస్సు? హోల్డాన్. ఎవురూ రావద్దండి. ఆ దుడ్లతో బిరియాని తినండి.’

డైరెక్టరు ఈ ఊరివాడే అంట కదా తాతా అని మైకు కుర్రాడు అడిగాడు. మామ కాసేపు ఆ కుర్రాడి వైపు చూసి, ‘మా ఊరని సెప్పుకొనేదానికి సిగ్గుగా ఉండాది’ అని, లేని కమ్మీ వదిలేసి వచ్చేశాడు.

చక్రాలు లేని బస్సు మాకు సినిమాలో ఎక్కడా కనిపించలేదు. రెండో సగం అల్లే జబ్బు మామకు పాతదే కాబట్టి అది మేం పట్టించుకోలేదు. మాకు కొరుకుడు పడనిది ఆ తిట్లు. టీ కొట్టుకు వచ్చాక మండీ అన్న ఆగలేకపోయాడు. కన్న కొడుకులాంటి వాణ్ణి ఊరి ముందర అన్ని మాటలంటావా, నీకు మనసెట్లా వచ్చింది మామా అని గట్టిగానే అడిగాడు.

మామ కమ్మీ పట్టుకుని టీ తాగుతున్నాడు. ఊదుకుంటూ నింపాదిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

‘మీరు ముగ్గురూ నా మాట తిరగేసుకొని టికెట్లు కొంటారని నాకు తెలీదనుకుంటిరా?’ అన్నాడు. ‘ఇన్నేండ్లు బస్సులో నిలబడినోన్ని. యెనక సీట్లో నవ్వేది ముందర నిలబడినోనికి వినపడతాదప్పా.’

టైపిస్టు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నేను గ్లాసులో మిగలని టీని తాగాను.

తర్వాత మామ గొంతు తగ్గించి ఒక మాట అడిగాడు. ఈ సంగతి మేనల్లుడికి చెప్పొద్దన్నాడు. తన సినిమా వారం ఆడిందని వాడు నలుగురిలో చెప్పుకోవాలట. మామ తిడితే ఆడిందని తెలిస్తే ఆ మాట నోట్లోంచి రాదట. నేను అట్లాగేనని చేతిలో చెయ్యి వేశాను. టైపిస్టూ వేశాడు. మండీ అన్న తలూపాడు.

నాకు ఒక్కటి అడగాలనిపించింది. ‘అది సరే మామా, నిజంగా సినిమా ఎట్లుండాది?’

‘నా మాటకి ఈ ఊర్లో ఏం విలువుండాదో ఇప్పుడే అనుకుంటిమి గదప్పా,’ అన్నాడు. ‘మళ్ళా ఎందుకు అడగతావు?’

ఆదివారం ఆటలన్నీ నిండాయి. మామ తిట్టిన తిట్లు వినని ఫోను ఊళ్ళో లేదు. అంతగా తిట్టాడంటే ఎంత బాగుంటుందోనని కుటుంబాలతో వచ్చారు. మేనేజరు మొహమంతా నవ్వు చేసుకుని డబ్బింగును వెనక్కి పంపాడు. సినిమా మా ఊళ్ళో వారం ఆడింది. మరి ఏ ఊళ్ళోనూ ఆడలేదు.

హైదరాబాదులో ఎవరో ఆ వీడియో మేనల్లుడికి చూపించారు. వాడు రెండు మాటలు విని ఆపేశాడట. ఆ తర్వాత మామకు ఫోన్ చేయలేదు. తల్లికి మాత్రం చేసేవాడు, మామ ఊసెత్తితే పెట్టేసేవాడు. వీధిలో పెద్దవాళ్ళు మామను నిలబెట్టి మరీ చీవాట్లు పెట్టారు. అన్నం పెట్టిన చేత్తోనే పిల్లోని నోట్లో మన్ను కొట్టినావు కదయ్యా అన్నారు. మామ అందరికీ అవునప్పా, అవునప్పా అని తలూపాడు. మేం ఇన్నాళ్ళూ ఆయన ముందు ఊపినట్టే. వాడు మాట్లాడతాడా మామా అని మేం అడిగితే, పని ఎక్కువుండాది వానికి అనేవాడు. అట్లా అంటూనే బటన్ల ఫోను తీసి సిగ్నల్ ఉందో లేదో చూసుకునేవాడు. ఛానళ్ళ కుర్రాళ్ళు ఇంటికి పోయి బతిమాలినా మళ్ళీ మైకు ముందుకు రాలేదు.

మొన్న ఎండాకాలంలో నిద్రలోనే పోయాడు. మధ్యలో లేచిపోయే అలవాటు ఎక్కడికి పోతుంది అన్నాడు మండీ అన్న. ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా నవ్వలేదు.

మేనల్లుడే వచ్చి కొరివి పెట్టాడు. కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం గుండు మీద తుండు కప్పుకుని టీ కొట్టుకు వచ్చాడు. సన్నబడ్డాడు. ఇంకో సినిమా ఒప్పుకున్నారని చెప్పాడు. మీ ఊళ్ళో వారం ఆడిందట కదా అని ప్రొడ్యూసరు అడిగి మరీ ఇచ్చాడట. టీ తెప్పించుకుని తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. మేం కమ్మీ వైపు చూడకుండా ఉండడానికి అవస్థ పడుతున్నాం.

‘తిట్టినందుకు నాకేం బాధ లేదన్నా,’ అన్నాడు నాతో. ‘నచ్చకపోతే తిడతాడు, ఆయన నోరే అంత. నా సినిమా ఒక్కటన్నా కడదాకా కూసోని సూస్తాడనుకుంటి. ఇంటర్వెల్ కే లేచొచ్చేసినా అన్నాడు. ఆడికి ఆపేసినా నేను.’

నేను మాట ఇచ్చినవాణ్ణి. నోరు దురద పెడుతున్నా బిగబట్టుకుని, నా ఫోన్లో ఆ వీడియో తీసి, కింద జనం రాసినవి చదవమని ఇచ్చాను. ‘మామ తిట్టినాడు, ఆదివారం ఇంటిల్లిపాదీ పోతా ఉండాం.’ ‘హోల్డాన్ అన్నాడంటే ఇంగేం కావాల.’ ‘ఇంత తిట్టు మామ ఏ సినిమానూ తిట్టలేదు, రెండుసార్లు సూడాల.’ మేనల్లుడు చదువుతూ చదువుతూ తలెత్తి, ఇది మామకు తెలుసా అని అడిగాడు. నేను రేకుల కప్పు వైపు చూశాను. టైపిస్టు రోడ్డు వైపు చూశాడు. ‘నేను తలూపితినే గానీ చెయ్యి ఎయ్యలేదు’ అని మండీ అన్న మొత్తం చెప్పేశాడు.

మేనల్లుడు తుండుతో మొహం తుడుచుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో తుండు చాటున తెలియలేదు. తర్వాత అన్నాడు, ‘నాకోసరం తిట్టినాడు, సరే. అయితే సూడకుండానే తిట్టినాడు గదన్నా.’

సినిమా ఎట్లుందని నేను ఆ రోజు అడిగితే ఆయనే చెప్పలేదు. ఊరికే కూర్చోలేక నేను వీడియోను మొదటి నుంచి పెట్టాను. మామ మళ్ళీ లేని కమ్మీ పట్టుకుని తిట్టడం మొదలుపెట్టాడు. ఇంటర్వెల్ కే లేచొచ్చేసినా అన్నాడు. చిల్లర ఇవ్వడానికే టైము చాలదన్నాడు. చక్రాలు లేని ఖాళీ బస్సెక్కి విజిలు ఊదేది ఏంది అన్నాడు.

మేనల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. ‘ఆ ముక్క మీరు సూసినారా అన్నా?’

లేదని, అది మామ అల్లిందేనని చెప్పాను. రెండో సగం అల్లడం నీకు తెలియంది కాదు కదా అన్నాను.

‘అల్లలేదన్నా. అది ఉండాది సినిమాలో,’ అన్నాడు. ‘పేర్లన్నీ పడిపోయినాక వస్తాది. లైట్లేసి, ఊడ్చేవాళ్ళు లోపలికొచ్చినాక. అంతసేపు ఎవురు కూసుంటారు, తీసెయ్యమని మావాళ్ళంతా పోరినారు. ఒక్క మనిషి కోసరం పెట్టినా అది. ఆ మనిషే కూసోలేదనుకుంటి.’

మండీ అన్న ముక్కు చీదుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మామ, ఆ చల్లటి ఖాళీ హాల్లో, ఊడ్చేవాళ్ళు కాళ్ళెత్తమంటే ఎత్తి, తెర వైపే చూస్తూ కూర్చోవడం నా కళ్ళకు కట్టింది. మేం ముగ్గురం చూడని చోటు దాకా చూసి, బయటికొచ్చి చూడలేదని చెప్పిన మనిషి.

‘మళ్ళా పెట్టన్నా,’ అన్నాడు మేనల్లుడు.

మళ్ళీ పెట్టాను. అయిపోగానే మళ్ళీ పెట్టమన్నాడు. టీలు చల్లారిపోయాయి, కొట్టువాడు ఇంకోసారి పోశాడు, అవీ చల్లారిపోయాయి. ఫోన్లో ఛార్జింగు అయిపోయేదాకా మామ మేనల్లుడి సినిమాను తిడుతూనే ఉన్నాడు, మేం నలుగురం వింటూనే ఉన్నాం.

అప్పటి నుంచి ఆ ఫోను పొద్దున్నే ఆ తిట్లే తెచ్చి నా మొహాన పడేస్తోంది, మేకతో సహా. వీడికి ఇవంటే ఇష్టం అనుకుంటోంది కాబోలు. సరిగ్గానే అనుకుంటోంది.